మా మరిది పెట్టిన సముద్రపు తొట్టి

మా మరిది పోయాడని ఫోను వచ్చేసరికి నేను అతని చేపల తొట్టిలో చెంబుతో నీళ్లు పోస్తున్నాను. అనంతపురం ఆసుపత్రి నుంచి అతని కొడుకు మాట్లాడాడు. "పెద్దమ్మా, నాయన పోయినాడు." అంతే. చెంబులో ఇంకా సగం నీళ్లున్నాయి. ఆ సగం కూడా పోసి, మూత సరిచేసి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. మీరేమైనా అనుకోండి. ఆసుపత్రికి పోతూ ఆ తొట్టిని నాకు అప్పజెప్పాడు. అందులో రెండు ప్రాణాలున్నాయి.

మరిది అంటే మా ఇంటాయనకు తమ్ముడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కదిరిలో మా రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. అతని భార్యా, మా ఇంటాయనా పోయాక పొద్దున టీ నా దగ్గరే తాగేవాడు. కొడుకు ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పని చేస్తాడు.

గుండె చూపించుకోవడానికి బెంగళూరు పోతుంటే తోడు పోయాను. ఆ ఆసుపత్రిలో అందరూ కూర్చునే చోట పెద్ద గాజు తొట్టి, అందులో సముద్రపు చేపలు. నాకేమో ఒకటే ఆలోచనలు. లోపల డాక్టరు ఏం చెప్తాడో, ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో, తిరుగు బస్సు దొరుకుతుందో లేదో. మరిది మాత్రం ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. నర్సు అతని పేరు పిలిచినా వినపడలేదు. బస్సెక్కాక అన్నాడు:

"వదినా, ఆడ నిలబడినంతసేపూ నాకు భయమే గుర్తు రాల్యా. మనింట్లో అట్లాంటిది ఒగటి పెడతా."

"కదిరిలో సముద్రమా? తాగే నీళ్లకే దిక్కు లేదు. నీకేమన్నా తిక్కనా?"

"సముద్రం నీళ్లు ఎవురూ తాగరు గదా. మనకూ దానికీ పోటీ ల్యా."

తీరా తొట్టి వచ్చాక తేలింది, దానికి కావాల్సింది తాగే నీళ్లేనని. మా బోరు నీళ్లు గిన్నెలకే తెల్లగా పొర కడతాయి, అవి పనికిరావు. వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ల నీళ్లు పోసి, అందులో బెంగళూరు నుంచి తెచ్చిన సముద్రపు ఉప్పు కలపాలి. ఇంట్లో రాళ్లుప్పు ఉంది, రెండు దోసిళ్లు వేస్తే చాలదా అని అడిగాను. నవ్వాడు. ఉప్పు ఎంతుందో చెప్పే గాజు గొట్టం ఒకటి బక్కెట్లో తేలేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూసేవాడు, బస్సులో డీజిల్ ముల్లు చూసినట్టు.

నాకు ఆ తొట్టంటే మొదట్నుంచీ గుబులే. అంత బరువుకు బల్ల విరుగుతుందేమో, అద్దం పగులుతుందేమో, కరెంటు తీగ వెంబడి నీళ్లు కారి ప్లగ్గులో పడితే షాకు కొడుతుందేమో. అన్నీ నవ్వుతూ విన్నాడు గానీ చివరి మాటకు నవ్వు ఆపేశాడు. తీగను ప్లగ్గు కన్నా కిందికి వంపు తిప్పి కట్టాడు, కారిన నీళ్లు కిందే బొట్లు పడేటట్టు. "నీ భయం పనికొచ్చింది వదినా" అన్నాడు. నా భయానికి ఎవరైనా విలువ ఇచ్చింది అప్పుడే.

నీళ్లు పోశాడు, ఇసక పోశాడు, రాళ్లు పేర్చాడు, మోటరు పెట్టాడు. చేపల్ని మాత్రం తేలేదు. ఆ రాళ్ల మీద కంటికి కనపడని పురుగులు పుట్టాలట, చేపల మలినాన్ని అవే తినాలట. అవి పుట్టకముందే చేపల్ని వేస్తే తమ మలినంలోనే చస్తాయట. వీధిలో వాళ్లంతా వచ్చి రాళ్లు చూసి పోయేవాళ్లు. ఎదురింటి టైలరు మిషను దగ్గర నుంచే అరిచేవాడు.

"ఏమన్నా, చేపలు యాడిదాకా వచ్చినాయి?"

"గోరంట్ల దాటినాయప్పా."

"నడిచొస్తాండాయా ఏంది?"

"బస్సే. సీటు దొరకల్యా, నిలబడుకోని వస్తాండాయి."

ఇన్ని రోజులు ఊరికే మోటరు తిరుగుతుంటే కరెంటు బిల్లు ఏమవుతుందని నేను గొణిగితే, "తొందర మనకు వదినా, నీళ్లకు కాదు" అనేవాడు.

చివరికి తనే బస్సులో బెంగళూరు పోయి రెండు చేపల్ని తెచ్చాడు. నారింజ రంగు, ఒంటి మీద తెల్ల పట్టీలు. నీళ్లూ గాలీ నింపిన కవర్లో, ఆ కవరు ఒళ్లో. దారిపొడుగునా డ్రైవరును సతాయించాడట: "అబ్బీ, గుంత కనపడల్యా? నా ఒళ్లో రెండు పాణాలుండాయి, మెల్లగా పోనీ." ముప్పై ఏళ్లు తను నడిపినప్పుడు ప్రయాణికులు అన్న మాటే అది, అని తనే చెప్పి నవ్వాడు. కవరును కాసేపు తొట్టి నీళ్లలో తేలనిచ్చి, అందులోకి కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు పోసి, అప్పుడు వదిలాడు. టైలరు మిషను ఆపి వచ్చి, తనూ అద్దానికి ముక్కు ఆనించాడు.

వారం వారం కొన్ని నీళ్లు తీసి కొత్తవి పోయాలి. మా దగ్గర బియ్యం కడిగిన నీళ్లు కూడా ఊరికే పారబోయం. చేతికి ఆ అలవాటే ఉంది కదా, తీసిన నీళ్లను మరిది పెరట్లో కరివేపాకు చెట్టుకు పోశాడు. ఆకు పసుపెక్కి రాలుతుంటే నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోశాడు. చెట్టంతా ఎండాక గానీ మా ఇద్దరికీ అది ఉప్పు నీళ్లని తట్టలేదు. ఆ తర్వాత మురికి కాలవలో పోసేవాడు. పోసేటప్పుడు తల పక్కకు తిప్పుకునేవాడు.

ఈ ఎండాకాలం నీళ్లు వేడెక్కకుండా తొట్టి మీదికి ఫ్యాను పెట్టాడు. ఫ్యాను గాలికి నీళ్లు తొందరగా ఇగిరిపోయేవి. అతనికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి పోతూ, ఆటో ఎక్కాక కూడా తల బయటపెట్టి చెప్పాడు: "వదినా, తగ్గిన కాడికి మంచినీళ్లే పోయి. ఉప్పు నీళ్లు పోయొద్దు. ఇగిరిపోయేది నీళ్లు, ఉప్పు ఆడనే ఉంటాది. రెండిట్నీ చూసుకో, నేనొస్తా."

రాలేదు. శవమే వచ్చింది.

మాలో శవం వాకిలి దాటాక ఇల్లు కడిగి, ఇంట్లో నిలవున్న నీళ్లన్నీ పారబోయాలి. ఎంత కరువైనా ఇది తప్పదు. మగవాళ్లు శ్మశానానికి పోయాక ఆడవాళ్లం డ్రమ్ములు, బిందెలు, క్యాన్లు అన్నీ వంచేశాం. మా చిన్నత్త, అంటే మా అత్తగారి చివరి చెల్లెలు, కర్ర పోటేసుకుంటూ వచ్చి తొట్టి ముందు ఆగింది. మరిదిని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది ఆమే.

"ఇవి నిలవ నీళ్లు కాదా? తీసెయ్యండి."

"చేపలు చచ్చిపోతాయి అత్తా."

"బక్కెట్లో ఎయ్యే."

"బక్కెట్లో ఏం నీళ్లు పోసేది? ఆటికి ఈ నీళ్లే కావల్ల. కొత్తవి కలిపితే ఒగ రోజన్నా ఆగల్ల."

"మైల నీళ్లు పెట్టుకోని దినాలెట్ల చేస్తావే? రేపు ఆ పిల్లోనికి ఏమన్నా అయితే?"

నేను ఏ దోషానికైనా భయపడే మనిషిని. పెద్దల మాట దాటింది లేదు. పారబోస్తే, చూసుకోమని అతను చెప్పిన రెండు ప్రాణాలూ పోతాయి. పారబోయకపోతే అతని కొడుక్కి ఏ కీడు మూడుతుందో. పక్కింటామె అప్పటికే మగ్గు పట్టుకుని మూత తీసింది. చేత్తో ఆ మగ్గు పట్టుకుని ఆపాను. నోటికి వచ్చింది అనేశాను.

"అత్తా, సముద్రానికి మైల ఉంటాదా?"

"ఏందే నువ్వనేది?"

"ఇవి సముద్రం నీళ్లు. మైల పోవాలనే గదా జనం పోయి సముద్రంలో మునిగేది. దాన్నే పారబోస్తామా?"

"ఇంతది సముద్రమెట్లవుతాదే?"

"నీ కొడుకు చేసినాడు గదా."

చిన్నత్త తొట్టి అంచు పట్టుకుంది. "నువ్వు చూసినావా సముద్రం?" అంది.

"లేదత్తా."

"నేనూ చూడల్యా."

కర్ర నా చేతికిచ్చి, వంగి, వేళ్లు ముంచి నాలుకకు అద్దుకుంది. మొహం ముడుచుకుంది. మళ్లీ దోసిలి ముంచి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంది. మగ్గు పక్కన పెట్టమని పక్కింటామెకు సైగ చేసింది. మేత అనుకున్నాయేమో, రెండు చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. చిన్నత్త తడి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వేళ్ల నుంచి జారిన ఒక్కో బొట్టు కింద ఆ నోళ్లు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉన్నాయి.