పడ్డాక ఎంతసేపు తిరిగింది

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "అమ్మ పోయింది. నిద్రలోనే" అన్నాడు. "సరే బావా, వస్తున్నా" అన్నాను. ఫోన్ పెట్టేసి, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగి, కుక్కర్ పొయ్యి మీద పెట్టాను. విజిల్స్ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. బందరు బస్టాండులో నాగాయలంక బస్సెక్కి కూర్చున్నాక కూడా రాలేదు. పక్క సీటావిడ "ఎక్కడికమ్మా?" అని అడిగితే "మా అత్తయ్య దగ్గరికండీ" అన్నాను. అబద్ధం చెప్తున్నట్టు కూడా అనిపించలేదు.

ఆవిడ గురించి పత్రికకి నాలుగు మాటలు రాయమని బావ అడిగాడు. మీలో చాలామందికి ఆవిడ తెలియదు. నాగాయలంక వైపు ట్రాక్టరు తోలిన ఆడమనిషి అంటే మాత్రం కొందరికైనా గుర్తొస్తుంది. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పైన మావయ్య పాత చొక్కా వేసుకునేది. దగ్గరికి వెళ్తే కొబ్బరినూనె వాసనా, డీజిల్ వాసనా కలిసి వచ్చేవి. అన్నం నిలబడే తినేది. చర్చిలో ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేది. పులుసులో చింతపండు ఎక్కువైందని ఎవరైనా అంటే, "తినే వాళ్ళకి నిద్ర రాకుండా ఉంటుందిలే" అనేది.

ట్రాక్టరు మావయ్యది. రొయ్యల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజులవి. గట్లు వేయడానికి మట్టి తోలేవాడు, దమ్ములప్పుడు పొలాలు దున్నేవాడు. ఒక వానాకాలం, తెగిన గట్టు చూసి వస్తానని ట్రాక్టరు మీదే వెళ్ళాడు. నానిన గట్టు అంచు జారింది. బండి పక్కకి ఒరిగి, నీళ్ళు తీసేసిన చెరువులోకి పడిపోయింది. మావయ్య మడ్‌గార్డు కింద ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్య క్యారేజీ పట్టుకుని గట్టు మీదికొచ్చింది. బండి పడిపోయినా ఇంజిన్ ఆగలేదు. గేరులోనే ఉందేమో, పైకి లేచిన పెద్ద చక్రం తిరుగుతూనే ఉంది. పరిగెత్తుకొచ్చిన కూలీలు ఆ చక్రాన్ని చూసి దగ్గరికి పోలేకపోయారు. చివరికి అవతలి చెరువు మీద పనిచేసే డ్రైవరు గట్టంట పరిగెత్తుకొచ్చి ఇంజిన్ ఆపాడు. అందరూ కలిసి బండి ఎత్తేటప్పటికి మావయ్య లేడు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్నతో కలిసి వెళ్ళాను. సమాధి చేసి వచ్చిన మర్నాడు చాపల మీద బంధువులంతా కూర్చుని ఉన్నారు. అప్పటిదాకా నోరు విప్పని అత్తయ్య నాన్న వైపు తిరిగి, "అన్నయ్యా, ఇంజిన్ పాడైపోయిందంటావా?" అంది.

వెనక ఎవరో ఆడమనిషి "మొగుణ్ణి పెట్టిన మట్టి ఇంకా ఆరలేదు" అని గొణిగింది. నాన్న, "ఇప్పుడా మాట ఎందుకమ్మా. ఆ దరిద్రపు బండి మనకొద్దు. తుక్కు కిందిచ్చేద్దాం" అన్నాడు.

"బండేం చేసింది అన్నయ్యా? గట్టు జారింది. చెరువు మనది కాదు, పొలం మనది కాదు. ఉన్నది అదొక్కటే. అది పోతే పిల్లాడికీ నాకూ ఏం మిగిలింది?"

ఆవిడ ఏడుస్తూ అని ఉంటే అందరూ ఓదార్చేవాళ్ళు. ఏడవకుండా అంది. అందుకే చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. చాలా ఏళ్ళదాకా చెప్పుకున్నారు కూడా. నేనూ ఆ రోజు ఆవిణ్ణి చూసి కొంచెం భయపడ్డాను.

వారం గడిచాక అవనిగడ్డ నుంచి ఇంజిన్ మేస్త్రి వచ్చాడు. గొలుసులతో లాగి నిలబెట్టిన ట్రాక్టరు ఇంకా ఆ చెరువు గట్టు మీదే ఉంది. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మళ్ళీ ఎవరన్నా స్టార్ట్ చేశారా?" అని అడిగాడు.

"లేదండీ. ఎవరూ చెయ్యి వేయలేదు" అన్నాడు నాన్న. మనిషిని మింగిన బండి అని జనం దాని దరిదాపులకి పోలేదు.

"మంచిదైంది. పక్కకి పడినప్పుడు అడుగునున్న ఆయిలంతా ఒకవైపుకి పోద్దండీ. అది పిస్టన్ల మీదికి చేరి ఉంటే, తెలియక సెల్ఫ్ కొడితే లోపల రాడ్డు వంగిపోద్ది. అది తప్పింది. ఇంకోటి ఉంది. ఆయిల్ అందకుండా తిరిగితే ఇనుముని ఇనుము తినేస్తది. కాసేపైతే ఓర్చుకుంటది, ఎక్కువైతే పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసే పోద్ది. పడ్డాక ఎంతసేపు తిరిగింది?"

అత్తయ్య మా వెనక నిలబడి ఉంది.

"నేను చెప్తానండీ. చర్చిలో ఒక పాట అన్ని చరణాలూ పాడితే ఎంతసేపు పడుతుందో, అంతసేపు. ముందు మామూలుగానే తిరిగింది. తర్వాత తెల్లగా పొగ వచ్చింది. చివర్లో శబ్దం మారింది. గిన్నెలో గరిటెతో గీరినట్టు."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూసి వెంటనే తల దించుకున్నాడు. "అయితే బేరింగులు దెబ్బతిన్నాయమ్మా. క్రాంకు సంగతి విప్పితే గాని చెప్పలేను. విప్పమంటారా?"

"విప్పండి."

విప్పారు. బేరింగుల మీద గోళ్ళతో గీసినట్టు గీతలున్నాయి. క్రాంకు మీద కూడా ఉన్నాయిగాని లోతు లేవు. దాన్ని గుడివాడ పంపించి లేతు మీద సాపు చేయించుకొచ్చారు. బేరింగులు మార్చారు, కొత్త ఆయిల్ పోశారు. స్టార్ట్ చేసిన రోజు నేనూ ఉన్నాను. దట్టంగా పొగ కక్కి, కాసేపు దగ్గి, సర్దుకుని తిరిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు అత్తయ్య బండెక్కి, స్టీరింగు కింద ఉన్న నాబు పట్టుకుని లాగింది. ఇంజిన్ ఆగిపోయింది. "మళ్ళీ స్టార్ట్ చేయండి" అంది. చేశారు. మళ్ళీ లాగింది. మళ్ళీ చేయమంది. రిపేరు పరీక్ష చేస్తోందనుకున్నారు మగవాళ్ళు.

ఆ రోజు పరిగెత్తుకొచ్చిన డ్రైవరే ఆవిడకి తోలడం నేర్పాడు. మొదట్లో రోడ్డు మీద వెళ్తుంటే సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు. ఒక పెద్ద రైతు, "ఆడది దున్నితే పండుద్దా?" అన్నాడట. "మీ పక్కవాళ్ళది దున్నానండీ. పండిందో లేదో కోతలప్పుడు మీరే చూసి చెప్పండి" అందట. తర్వాతి సంవత్సరం ఆయనే కబురు పెట్టాడు. పెడితే "దున్నను" అనలేదు, ఎత్తిపొడవలేదు. వెళ్ళి దున్నొచ్చింది.

ట్రాక్టరు ఎక్కిన ప్రతివాళ్ళకీ ముందు ఆ నాబు చూపించేది. కూలీలకి, పిల్లలకి, ఒకసారి పాస్టరుగారికి కూడా. "తోలడం రాకపోయినా పర్లేదు, ఆపడం రావాలి" అనేది. నా పెళ్ళయ్యాక మేమిద్దరం మొదటిసారి వెళ్తే, మా ఆయనకి కాఫీ అయినా ఇవ్వకుండా బండి దగ్గరికి తీసుకెళ్ళింది. "తాళం తిప్పితే లైట్లు ఆరతాయి అల్లుడుగారూ, ఇంజిన్ ఆగదు. ఇది లాగాలి. ఏదీ, లాగండి" అంది. ఆయన ఇస్త్రీ చొక్కాతో వంగి లాగారు. తిరిగొచ్చే దారంతా నవ్వుతూనే ఉన్నారు. నేనూ నవ్వాను.

అదెందుకో ఆవిడ ఒక్కసారే చెప్పింది. కళ్ళ పరీక్షకని బందరు వచ్చి మా ఇంట్లో ఉంది. మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాం. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు నేను దిగి తాళం తిప్పానమ్మలూ. ఆగలేదు. మీ మావయ్య నావైపే చూస్తున్నారు. 'లాగు, లాగు' అన్నారు. ఆయన్ని లాగమంటున్నారనుకున్నా. చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నా. ఆ డ్రైవరు వచ్చి నాబు లాగాక గాని..."

ఇంకో రొయ్య తీసుకుని తల తుంచింది.

"ఏది లాగమన్నారో ఇప్పటికీ తెలియదు."

"ఏది లాగినా అప్పటికే..." అన్నాను.

"డాక్టరూ అదే అన్నాడు" అంది. ఒలిచిన రొయ్యల గిన్నె దగ్గరికి లాక్కుని, "ఉప్పు ఇప్పుడే వేయకు, నీరొదులుద్ది" అంది.

నేను లేచి ఆవిడ పక్కన కూర్చుని ఉండాల్సిందేమో. లేవలేదు. గిన్నె నిండేదాకా ఒలిచాం. సాయంత్రం ఆవిడే కూర వండింది. చింతపండు ఎక్కువేసింది. ఎవరం ఏమీ అనలేదు.

ఆ ఇంజిన్ పాడైందా లేదా అంటే, అయింది. వేడెక్కాక లోపల ఎక్కడో టక్కు టక్కు అనే శబ్దం చివరిదాకా పోలేదు. "అదలాగే ఉంటదమ్మా, దాంతోనే నడుస్తది" అన్నాడట మేస్త్రి. నడిచింది. దాని మీదే బావని చదివించింది, మూడు గదుల ఇల్లు కట్టింది. మోకాళ్ళు సహకరించక దిగిపోయినప్పుడు కూడా ఎవరికీ పెద్దగా చెప్పలేదు. బావకి తాళం ఇచ్చి, లోపలికెళ్ళి పడుకుందట.

నేను వెళ్ళేటప్పటికి ఆవిడకి స్నానం చేయించి, తెల్ల చీర కట్టి ఉంచారు. పాదాలు పట్టుకుని చూశాను. మడమల పగుళ్ళలో నలుపు అలాగే ఉంది. బావ నన్ను చూసి "అన్నం తిన్నావా?" అన్నాడు. "తిన్నాను" అన్నాను.

సాయంత్రం సమాధుల దొడ్డికి తీసుకెళ్ళారు. మా దివిసీమలో కొంచెం తవ్వితే చాలు, నీళ్ళు వస్తాయి. గుంటలో నీరు ఊరుతుంటే ఇద్దరు మగవాళ్ళు లోపలికి దిగి బొచ్చెలతో తోడి బయటికి పోస్తున్నారు. తోడిన కొద్దీ ఊరుతోంది. పాస్టరుగారు ప్రార్థన ఆపి వాళ్ళకోసం ఎదురుచూశారు. చివరికి ఎవరో మోపెడు వరిగడ్డి తెచ్చి అడుగున పరిచారు. పెట్టె దించబోతుండగా గుంట గోడలోంచి చిన్న పీత ఒకటి బయటికొచ్చింది. లోపలున్న మనిషి దాన్ని రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని గట్టు మీద పెట్టాడు. అది కదలకుండా కాసేపు అక్కడే ఉంది. పెట్టె పట్టుకున్నవాళ్ళు కూడా ఆగారు. తర్వాత పక్కకి పక్కకి నడుస్తూ, తడిసిన గడ్డిలోకి వెళ్ళిపోయింది.