సువార్తమ్మ పట్టిన వరస

రాజోలు సాల్మన్ మాస్టారి గిటారు ఎన్నో సినిమా పాటల్లో వినిపిస్తుంది. ఆయన పేరు మాత్రం ఒక్క క్యాసెట్టు అట్ట మీద కూడా లేదు. ఇరవై ఏళ్ళు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో కాగితం మీద ఏది రాసిస్తే అది వాయించి, సాయంత్రాలు ఒక హోటల్లో గిటారు వాయించే గోవా పెద్దాయన పక్కన కూర్చుని జాజ్ నేర్చుకున్నారు. పాట వరసను వదిలేసి మనసుకొచ్చినట్టు తిరగడం, మళ్ళీ సరిగ్గా ఆ వరసలోకే వచ్చి చేరడం, అదీ ఆ విద్య. తరవాత కీబోర్డులొచ్చి ఆయన పొట్ట కొట్టాయి. మాస్టారు ఊరికొచ్చి గిటారు పాఠాలు చెప్పుకుంటూ బతికారు.

చర్చిలో ఆయన వాయిద్యం ఎవరికీ రుచించలేదు. "పాటకి వంకర్లు పెట్టకండి మాస్టారూ," అనేవారు సంఘపెద్దలు. ఆ చెవులకి అంతే ప్రాప్తం.

ఆ వంకర్లు నచ్చింది ఆయన భార్య సువార్తమ్మకొక్కరికే. రోజూ సాయంత్రం వసారాలో పీట వేసుకుని, రొయ్యలు ఒలుస్తూ, ఆవిడ ఎప్పుడూ ఒకే ఆరాధన పాట నిదానంగా, తిన్నగా పాడేవారు. ఆయన గిటారు దాని చుట్టూ ఎక్కడెక్కడో తిరిగొచ్చేది. ఒకసారి తిరిగొచ్చే దారి దొరక్క మాస్టారు తల పట్టుకుంటే ఆవిడ నవ్వారు.

"మీరెక్కడికెళ్ళినా నేనిక్కడే ఉంటానండీ. నెమ్మదిగా రండి."

పాతికేళ్ళు ఆ మాట తప్పలేదు. ఈ ఏప్రిల్లో, చేతిలో రొయ్య చేతిలో ఉండగానే, ఆవిడ గుండె ఆగిపోయింది.

ఆవిడ జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకి ముందు ఆ సంఘపెద్దలే ఇంటికొచ్చి, "అమ్మగారి పాట మీరే వాయించాలండీ," అన్నారు.

"ఆయ్," అన్నారు మాస్టారు. ఆవిడ కోసం ఆ ఒక్కపాట తప్పులేకుండా వాయిస్తే చాలనుకున్నారు.

పందిట్లో అందరూ కూర్చున్నారు. ఆయన మొదలుపెట్టారు. అలవాటుకొద్దీ వేళ్ళు నేరుగా తిరగడానికే పోయాయి. వరస పట్టడం ఎప్పుడూ ఆవిడ పని, ఆయన ఒక్కరోజు కూడా అది వాయించి ఎరగరు. అది ఏ పాటో ఎవరికీ తెలియలేదు. తిరిగి తిరిగి, రావలసిన చోటుకి వచ్చారు. అక్కడ ఎవరూ లేరు. వేళ్ళు ఆగిపోయాయి.

ముందు కుర్చీలో ఉన్న ఆయన పాత శిష్యురాలు శారోన్ లేచింది. "నేను పాడనాండీ, మాస్టారూ?"

"వద్దమ్మా. ఆవిడది నేనే వాయిస్తాను."

ఒక్కో స్వరం వెతుక్కుంటూ, పాట పొడుగునా తిన్నగా వాయించారు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు అలాగే వాయిస్తారు. జనం గొంతు కలిపారు.

కూడిక అయ్యాక ఒక పెద్దాయన వచ్చి చేతులు పట్టుకున్నారు. "ఇవాళ ఎంత బాగా వాయించేరండీ! ఒక్క వంకర లేదు. ఎటూ పోలేదు మీరు."

"పోతే ఎవరి దగ్గరికి తిరిగి రావాలండీ?" అన్నారు మాస్టారు. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.