కలిసొచ్చే ఇల్లు అద్దెకివ్వబడును

అద్దెకివ్వడానికి ఇల్లు కట్టే కొత్తవాళ్ళకు నా సలహా ఒక్కటే. ఇంటి గురించి మంచి చెప్పకండి, చెడు అసలే చెప్పకండి. గదులు చూపించి, తాళంచెవి చేతిలో పెట్టి, వచ్చిన రైల్లోనే వెళ్ళిపోండి. ఈ మాత్రం తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

అరవైల్లో బాపట్లలో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. అందువల్ల డబ్బు విషయంలో నన్నెవరూ సలహా అడిగేవారు కాదు. నాకు నేనే ఒకటి చెప్పుకున్నాను. నందివెలుగు దగ్గర నా వాటాకొచ్చిన పొలం అమ్మి తెనాలిలో చిన్న డాబా కట్టాలి. ముందు అద్దెకివ్వాలి. తెనాలిలో ఉద్యోగం దొరికిన రోజున మేమే చేరాలి.

మా ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. వంటింట్లో నిలబడి వండుకునే గట్టు ఉండాలి. మేమున్న అద్దె ఇళ్ళన్నిటిలోనూ పీట మీద కూర్చుని వండిన మనిషి. పైగా పొట్టి. మేస్త్రీ తన లెక్కన కట్టబోతే, గోడకు ఆనుకుని నిలబడి నడుం దగ్గర బొగ్గుతో గీత గీయించింది.

"మరీ ఇంత కిందకా అమ్మా? రేపు అద్దెకొచ్చేవాళ్ళు వంగలేక చస్తారు."

"రేపొచ్చేవాళ్ళ సంగతి నీకెందుకయ్యా? ఎల్లుండి నేనొస్తాను."

ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. మూడో నెలలో, రేపల్లె నుంచి వచ్చి తెనాలిలో ఎరువుల కొట్టు పెడుతున్న ఒకాయన చూడ్డానికొచ్చాడు. గదులు చిన్నవన్నాడు. గట్టు మరీ కిందకుందన్నాడు. చేజారిపోతాడేమోనని, "పునాది వేసిన నెలలోనే నాకు జీతం పెరిగిందండి" అన్నాను. నిజమే. ఆ నెల కాలేజీలో అందరికీ పెరిగింది. ఆ సంగతి ఆయన అడగలేదు.

ఆ వారంలోనే పాలు పొంగించాడు. ఏడేళ్ళుగా పిల్లల్లేని ఆ ఇంట్లో ఏడాది తిరిగేసరికి కొడుకు పుట్టాడు. ఆ పైన పక్క కొట్టు కూడా ఆయనదే అయింది. ప్రతిసారీ నాకొక మిఠాయి పొట్లం, "అంతా మీ ఇంటి చలవ మాస్టారూ" అనే మాటా అందేవి. రెండూ పుచ్చుకునేవాణ్ణి.

డెబ్బైలు వచ్చిన కొత్తలో తెనాలిలోనే ఉద్యోగం దొరికింది. ఇల్లు ఖాళీ చెయ్యమని అడిగాను.

"అంత మాట అనకండి మాస్టారూ! మీ గుమ్మం తొక్కాకే గదండీ మావాడు పుట్టింది."

"సంతోషమండి. పుట్టేశాడు గదా మరి."

"రెండోవాడో?"

దీనికి అర్థశాస్త్రంలో జవాబు లేదు. ఏడాదిపాటు రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చి, సొంత ఇంటి ముందు నుంచే నడిచి కాలేజీకి వెళ్ళాను. ఆయన వీధరుగు మీద నుంచి నమస్కారం పెట్టేవాడు. ఇంటి దగ్గర మా ఆవిడ పీట మీద కూర్చుని, మా అబ్బాయికి అన్నం పెడుతూ, "ఎల్లుండి ఎప్పుడండీ?" అని అడిగేది.

చివరికి తెలిసిన వాస్తు పంతులుగార్ని పట్టుకున్నాను. "ప్రహరీకి ఈశాన్యం మూల తగ్గిందని, మగపిల్లలకు మంచిది కాదని ఒక్క మాట అనండి చాలు" అన్నాను. ఆయన నియమం గల మనిషి. కొలవకుండా అబద్ధం చెప్పలేనని టేపు తెచ్చుకున్నాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నన్ను పక్కకు పిలిచి, "మూరెడు నిజంగానే తగ్గిందండోయ్" అన్నాడు.

సంగతి విన్న ఎరువులాయన భుజం మీదున్న పిల్లాణ్ణి దించి గుండెలకు అదుముకున్నాడు. అప్పుడు నేను గోడకేసి చూశాను. నిజానికి అక్కడ చూడాల్సిందేమీ లేదు.

పది రోజుల్లో ఖాళీ చేశాడు. తాళంచెవి మా ఆవిడకే ఇచ్చాడు.

"మీకూ మగపిల్లాడేగదమ్మా. చెప్పకుండా ఎలా పోతానండీ?" అని, అంతా చెప్పాడు.

పాలగిన్నె చేత్తో పట్టుకుని వచ్చిన మనిషి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఆ మాట నేను చెప్పించిందే!" అన్నాను.

"చెప్పించింది మీరు. కొలిచింది ఆయన."

మూల సరిచెయ్యాలంటే పక్కాయన స్థలం మూరెడు కావాలి. ఇస్తే తన మూల తగ్గుతుందని ఆయన ఇవ్వలేదు. గేటు బయట నుంచే మా ఆవిడ అడిగింది: "గట్టు ఎలా ఉందండీ? బాగానే ఉందా?" లోపలికెళ్ళి చూసొచ్చి, బాగానే ఉందన్నాను.

పక్క వీధిలో అద్దెకు దిగాం. నా ఇల్లు మాత్రం ఆర్నెల్లు ఖాళీగా ఉంది. ఎరువులాయన మంచివాడు, అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఆఖరికి రైల్వేలో పనిచేసే ఒకాయన సగం అద్దెకు వచ్చాడు. "మాకు నలుగురూ ఆడపిల్లలేనండి. ఆ మూల మమ్మల్నేం చేస్తుంది?" అన్నాడు. వాళ్ళావిడ ఆరడుగుల మనిషి. గట్టు దగ్గర వంగి వంగి నడుం పోతోందని నెలనెలా కబురు పెట్టేది.

మా ఆవిడ పోరు పడలేక, మేమున్న అద్దె ఇంట్లోనే నా ఖర్చుతో ఒక గట్టు కట్టించాను. కొలత అదే. బొగ్గు గీత మళ్ళీ గీయించింది. మొదటి రోజు నిలబడి పులుసు పెట్టింది, ఎప్పటికంటే బాగుంది.

నెలాఖరున ఇంటాయన వచ్చాడు. వంటింట్లోకి తొంగి చూసి, గట్టు మీద చెయ్యి వేసి అటూ ఇటూ రాశాడు.

"నిలబడి వండుకునే ఇల్లు గదా మాస్టారూ," అన్నాడు, "అద్దె సంగతి మీకు నేను చెప్పాలా?"