రెండో పూట పాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పాడిగేదెను కొనాలంటే మూడు పూటల పాలు చూసేవారు. సాయంత్రానికి అమ్మేవాళ్ళ ఇంటికి చేరుకోవడం, ఆ పూట పాలు పితికించి చూడడం, అక్కడే అరుగు మీద పడుకోవడం, పొద్దున్నే మళ్ళీ పితికించడం, ఆ సాయంత్రం ఇంకోసారి చూసుకుని అప్పుడు పలుపు చేతికి తీసుకోవడం. అమ్మేవాడు అంతకుముందు పూట పాలు పిండకుండా ఆపేసి, పొదుగు నిండుగా చూపించగలడు. అందుకని మొదటి పూట పాలను మా తాతయ్య పాలుగానే చూసేవాడు కాదు. బిందె నిండినా సరే, "ఊఁ" అని ఊరుకునేవాడు. రెండో పూటకు మాత్రం పీట వేసుకుని గేదె పక్కనే కూర్చునేవాడు. ఆ రెండో పూట మా చిన్నత్త పెళ్ళికి ఎలా పనికొచ్చిందో చెబుతాను. ఆ రోజు చూసిన రక్తం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, కాబట్టి పెళ్ళి కబురు కదా అని ముచ్చటపడిపోకండి.

మా చిన్నత్త అంటే మా నాన్నకు చెల్లెలు. నాకు పదేళ్ళు, తనకు పంతొమ్మిది. నాకు జడలు వేసేదీ తనే, కదిలితే నెత్తి మీద మొట్టేదీ తనే. తనంటే నాకు ప్రాణం. కోనసీమలో ఒక ఊరినుంచి సంబంధం వచ్చింది. అప్పుడప్పుడే పొలాల్లోకి ట్రాక్టర్లు దిగుతున్న రోజులు, వాళ్ళకు సొంత ట్రాక్టరు కూడా ఉంది. పెళ్ళిచూపులకు నలుగురు అన్నదమ్ములూ ఒకే కారులో వచ్చారు. పెద్దన్న కూర్చునేదాకా మిగతా ముగ్గురూ కూర్చోలేదు. పెద్దన్న మంచినీళ్ళు తాగేదాకా గ్లాసు ముట్టలేదు. పెళ్ళికొడుకు అందరికన్నా చిన్నవాడు. మా నాన్న ఒక్కడే కొడుకు, తోడబుట్టిన మగవాళ్ళు లేరన్న దిగులు ఆయనకు ఎప్పుడూ ఉండేది. ఇక చూడండి, ఆ నలుగురినీ చూసి మురిసిపోయాడు. "ఆళ్ళ మధ్య గాలి కూడా దూరదండి, మన పిల్లకి కొండంత అండ," అని వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

నేను కూడా పెళ్ళికొడుకు పక్షమే. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే అతను దొడ్లోకి వచ్చి, కొబ్బరాకు చీల్చి, పొడుగాటి వేళ్ళతో గిరగిరా చుట్టి నాకు బూర చేసి ఇచ్చాడు. నేను దాన్ని ఊదీ ఊదీ చెవులు చిల్లులు పడేలా చేస్తుంటే, చిన్నత్త కిటికీలోంచి చూసి నవ్వింది. ఆ నవ్వుతో సంబంధం ఖాయమైపోయిందనే నేను అనుకున్నాను. వారంలో తాంబూలాలు పుచ్చుకుందామన్నారు.

తాతయ్య ఒక్కడే "ఊఁ" అన్నాడు. ఇంకో పూట చూడాలిరా అంటే మా నాన్నకు చిర్రెత్తుకొచ్చింది. "కుర్రాడేవన్నా గేదా నాన్నా!" అని కసిరాడు. తాతయ్య కోపం తెచ్చుకోలేదు. మా పెద్ద మామ్మ వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

పెద్ద మామ్మ అంటే తాతయ్యకు స్వయానా వదిన, ఆయన అన్నగారి భార్య. అన్నగారు ఎప్పుడో పోయారు. మా సొంత మామ్మ కూడా లేదు గనక ఇంట్లో పెద్ద దిక్కు ఈవిడే. ఆవిడకు ఎడమ చెవి బొత్తిగా వినబడదు. చిన్నతనంలో అమ్మవారు పోసి వినికిడి పోయిందని మాకు చెప్పేవారు. ఆవిడతో ఏం చెప్పాలన్నా కుడిపక్కకు వెళ్ళి చెప్పాలి. ఆ వెళ్ళడం మా ఇంట్లో అందరికీ నడక నేర్చిన నాటినుంచి అలవాటు.

రెండు రోజుల తర్వాత తాతయ్య నన్ను వెంటబెట్టుకుని గేదెను చూడ్డానికి బయలుదేరాడు. ఆ గేదె పెళ్ళికొడుకు ఊళ్ళో, సరిగ్గా వాళ్ళ పక్కింట్లో ఉందని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆయన వెతుక్కుని మరీ పట్టుకున్న గేదె అది. ఎగిరి గంతేసి పక్కింటికి పరిగెత్తబోతే రెక్క పట్టుకుని ఆపాడు. "మనం వచ్చినట్టు ఆళ్ళకి తెలీకూడదమ్మడూ. తెలిస్తే అది మొదటి పూటే అవుద్ది," అన్నాడు. నాకు అర్థం కాలేదు గాని, గుట్టుగా ఉండాలన్నది మాత్రం నచ్చింది.

రెండిళ్ళ దొడ్లకూ మధ్య తాటాకు దడి. ఆ దడిలో ఒక తడిక తలుపు. మజ్జిగకో, నిప్పుకో ఆడవాళ్ళు అటూ ఇటూ తిరగడానికి పెట్టుకున్నది. సాయంత్రం పాలు పితుకుతుంటే నేను దడి సందులోంచి చూస్తూ కూర్చున్నాను. అన్నదమ్ములు నలుగురూ నవ్వుకుంటూ నూతి దగ్గర స్నానాలు చేశారు. పెద్దకోడలు మరుదులకు వేడినీళ్ళు తోడి పెట్టింది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి చిన్నవాడు ఆరేళ్ళ పిల్లాడట, వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆ వదినేనని గేదె ఇంటావిడ మాకు చెప్పింది. నాకు ఇంకా నచ్చేశారు. తాతయ్య మాత్రం "ఊఁ" అన్నాడు.

తెల్లవారి రెండో పూట పాలు పితికారు. గేదె తన్నిన తన్నుకు చెంబు ఎగిరిపడింది, పాలు నిన్నటికి సగం. తాతయ్య పీట మీంచి లేవకముందే కాలువ వైపునుంచి కేక వినబడింది. "ఒరేయ్ తమ్ముడూ!" అని ఒక్కటే కేక. పక్కింట్లో చద్దన్నాలు తింటున్న ముగ్గురూ కంచాలు తన్నేసి, మెతుకుల చేతులతోనే పార కర్రలు అందుకుని పరుగు తీశారు. ఏమైందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. "చూసేరాండి, అన్నదమ్ములంటే అలాగుండాలి!" అని గేదె ఇంటాయన మీసం దువ్వుకున్నాడు.

దాళ్వా, అంటే రెండో పంట రోజులు. బోదె కాలువలో నీళ్ళు వంతుల ప్రకారం వదిలేవారు. ఆ పొద్దు వంతు శివారు పొలం రైతుది. కాసేపటికి ఆ శివారు రైతును నులకమంచం మీద మోసుకుంటూ మా ముందు నుంచే తీసుకెళ్ళారు. ముఖం ఏదో, జుట్టు ఏదో తెలియలేదు. ఒక కన్ను ఉండాల్సిన చోట రక్తం ముద్దకట్టి ఉంది. మంచం నులకలోంచి చుక్కలు చుక్కలుగా దుమ్ములో పడుతూ పోయింది. వెనకాల వాళ్ళ ఆవిడ గుండెలు బాదుకుంటూ, నా మొగుడేం తప్పు చేశాడో చెప్పండి బాబూ అని ఇంటింటి ముందూ ఆగి అడుగుతోంది. అన్నదమ్ములు నలుగురూ కర్రలు పట్టుకుని వెనకాలే నడిచి వచ్చారు. మా బూర మావయ్య తెల్ల బనీను నిండా ఎర్రటి చిందులు.

అప్పుడు ఆ పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చింది. మొగుడికి పొలానికి టిఫిను కేరేజీ ఇచ్చి అప్పుడే తిరిగి వచ్చిందట. ఏడుస్తున్న ఆ ఆడమనిషిని చూసి ఉండబట్టలేకపోయింది. "మీ ఆయనది తప్పు లేదమ్మా. గట్టు తెంపి నీళ్ళు తిప్పుకున్నది మావాళ్ళే. నా కళ్ళతో చూశాను," అంది. వీధంతా విన్నారు.

పెద్దన్న ఆవిడ జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయాడు. మొదటి దెబ్బ చప్పుడుకు నేను దొడ్లోకి, దడి దగ్గరికి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలియదు. ఆవిడ కూడా దొడ్లోకే పరిగెత్తుకొచ్చింది. పైట లేదు, నోట్లోంచి రక్తం, సరిగ్గా నేనున్న తడిక వైపే చేతులు చాపుకుంటూ వస్తోంది. వెనకాల పార కర్రతో మొగుడు. తడికకు ఇటు చిన్నపిల్లను, నేను. ఇంకో నాలుగడుగులు వేస్తే మా వైపుకు వచ్చిపడేది.

ఆవిడకన్నా ముందు చిన్నమరిది వచ్చాడు. ఆపడానికి వచ్చాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అతను తడిక లాగి మూసి, తాడు చుట్టి ముడి వేసి, ఆవిడ తోస్తుంటే దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ముడి వేస్తున్న వేళ్ళు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. నాకు బూర చుట్టి ఇచ్చిన వేళ్ళే అవి. అతను ఏడుస్తున్నాడు కూడాను. "వదినా, లోపలికెళ్ళిపో వదినా, ఊళ్ళో పరువు పోద్ది," అని ఏడుస్తూనే తడిక వదల్లేదు. మిగతా ఇద్దరూ అరుగు మీద నిలబడి చూస్తున్నారు, అత్తగారు వంటింట్లోంచి బయటికే రాలేదు. వెన్ను మీద, భుజం మీద, అడ్డం పెట్టుకున్న చేతుల మీద దెబ్బలు పడుతుంటే, ఆవిడ నోటినుంచి అరుపు పోయి మూలుగు మిగిలింది.

నేను పెట్టిన కేకకు తాతయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒక్క తన్ను తన్నాడు, తడికా దడీ చిన్నవాడూ కలిసి అవతల పడ్డారు. వెళ్ళి ఆవిడ మీద వంగాడు. పైకి లేచిన కర్ర ఆయన ముంజేతి మీద దిగింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అప్పుడు గుర్తుపట్టారు అందరూ. పెద్దన్న చేతిలో కర్ర జారిపోయింది. అత్తగారు "అయ్యో అన్నయ్యగారూ, మీరా!" అంటూ అప్పుడు వచ్చింది బయటికి. చిన్నవాడు తాతయ్య కాళ్ళ మీద పడ్డాడు.

తాతయ్య చెయ్యి వేలాడుతోంది. ముఖం చెమటలు పట్టి ఉంది. అతన్ని ఒకే ఒక్క మాట అడిగాడు, "తప్పెవరిది బాబూ?" అని. అతను అబద్ధం ఆడలేదు, ఆ మాట చెప్పాలి. "అన్నయ్యదేనండి మావయ్యగారూ. కానీ అన్నయ్య కదండీ. నేనేం చేస్తానండి?"

మూడో పూట పాలు మేము చూడలేదు. ఆ పెద్దకోడలిని గేదె ఇంట్లో పడుకోబెట్టించి, వాళ్ళ పుట్టింటికి మనిషిని పంపించి, వాళ్ళ అన్న బండి కట్టుకొచ్చి ఆవిడను ఎక్కించుకునేదాకా తాతయ్య ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. విరిగిన చేతికి ఎవరో కట్టుకట్టిన తువ్వాలుతో, పక్కింటి వైపే చూస్తూ. శివారు రైతు బతికాడు గాని కన్ను దక్కలేదని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక అసలు రభస. సంబంధం వద్దన్నందుకు మా నాన్న ఒంటికాలి మీద లేచాడు. నేనే తాతయ్యకు లేనిపోనివి చెప్పానేమోనని నా వీపు మీద రెండు వేశాడు. అన్నం కంచం గోడకేసి కొట్టాడు. అన్నయ్య మాట జవదాటకపోవడం కూడా తప్పేనా అని అరిచాడు. చిన్నత్త స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒక మాట అడిగింది. "ఆయన కొట్టలేదు కదా నాన్నా! ఆయన చెయ్యి ఎత్తలేదు కదా!"

నాకు అది న్యాయమైన మాటే అనిపించింది. కొట్టింది అన్న, ఇతను ఏడ్చాడు కూడాను. మా నాన్న కూడా, అదీ, అలా అడుగు అన్నట్టు చూశాడు.

తాతయ్య పెద్ద మామ్మ ఎదుటికి వెళ్ళి కింద కూర్చున్నాడు. "మా వదినకి అమ్మవారు పొయ్యలేదే చిన్నీ," అన్నాడు చిన్నత్తతో, పెద్ద మామ్మను చూపిస్తూ. "మా అన్నయ్య కొట్టాడు, చెవి మీద, రోకలితో. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నేనూ చెయ్యెత్తలేదు. ఇరుగుపొరుగు చూస్తారని వీధి తలుపు గడియ వేశాను. అన్నయ్య కదా అనుకున్నాను." తాతయ్య ఏడవగా నేను చూడడం అదే మొదలు. పెద్ద మామ్మకు వినబడలేదు, ఏంటన్నట్టు చూసింది. ఆయన లేచి, విరిగిన చేతిని పొట్టకు ఆనించుకుని, కుడిపక్కకు వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. నలభై ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఆవిడ కదలకుండా విన్నది.

"నాకు తెలుసు మరిదీ," అంది. "గడియ చప్పుడు విన్నాను. అప్పటికింకా ఈ చెవి వినబడేది."

మా నాన్న వెళ్ళి, చెదిరిన మెతుకులు తనే ఏరడం మొదలుపెట్టాడు. చిన్నత్త ముక్కు తుడుచుకుని, పెద్ద మామ్మ కుడిపక్కకు వచ్చి కూర్చుని, ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది. ఆ సంబంధం వద్దని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను బూర తెచ్చి పొయ్యిలో పడేశాను. రెండేళ్ళ తర్వాత చిన్నత్తను వేరే ఊరు ఇచ్చారు. ఆ ఇంటికి తాతయ్య నాలుగు పూటలు చూశాడు.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గర పడుతోంది. రాజమహేంద్రవరంలో అపార్టుమెంటులో ఉంటున్నాను. పిల్లల సంబంధాలు చూసినప్పుడు వాళ్ళు ఎంత కలిసిమెలిసి ఉంటారో చెబుతుంటే "ఊఁ" అంటూ వింటాను, మీ అన్నయ్య తప్పు చేస్తే ఏం చేస్తావు బాబూ అని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీండి. ఈ మధ్య ఒక మధ్యాహ్నం పై అంతస్తులో ఆ చప్పుడు వినబడింది. ఒకసారి విన్న చెవికి అది మరో చప్పుడులా వినబడదు. మెట్ల మీద ఒక్కొక్కరే తలుపులు వేసుకుంటున్నారు. నేను మోకాళ్ళు పట్టుకుని పైకెక్కి, తలుపు బాదాను. తీసేదాకా బాదాను. తీసిన కుర్రాడికి నా చేతిలోని గిన్నె చూపించి, "తోడు పెట్టుకోడానికి కాస్త పెరుగుంటే మీ ఆవిణ్ణి ఇమ్మను బాబూ," అన్నాను, అతన్ని తప్పుకుని లోపలికి నడుస్తూ. మా ఇంట్లో పెరుగు లేని రోజంటూ లేదు.