పత్తి కుక్కిన బూట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బూట్లకు కొలత తీసేది జొన్న దంటుతో. నేను పీట మీద కూర్చుని కాలు చాపితే, మా బాపు దంటును మడిమ నుంచి బొటనవేలి దాకా ఆనించి, ఆపైన ఇంకో రెండు వేళ్ళ మందం కలిపి విరిచేవాడు. ఆ ముక్కను జేబులో పెట్టుకుని అంగడికి పోయి, దానికి సరిపోయే జోడు తెచ్చేవాడు. ఆ రెండు వేళ్ళూ మేము పెరగబోయే కాలానికి. అప్పటిదాకా బూటు ముందు భాగంలో పత్తి కుక్కుకోవాలి. బోథ్ చుట్టుపక్కల ఊళ్ళలో పత్తికి కరువేముంది? మా చేనులోదే కొంచెం తీసి, అవ్వ ఉండలు చేసి ఇచ్చేది. అమ్మను మేము అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. మా అన్నలిద్దరూ అలాగే పెరిగారు. వాళ్ళ కాళ్ళు బూట్లకు సరిపోయే నాటికి ఆ బూట్లు పగిలిపోయేవి.

ఏడో తరగతి దాకా బడి మా ఊళ్ళోనే ఉండేది. ఎనిమిదికి బోథ్ పోవాలి. బస్సు ఉండేది గాని బడి వేళకు వచ్చేది కాదు. పత్తి చేల మధ్య నుంచి, తుమ్మ పొదల పక్క నుంచి నడిచి పోవడమే. పాములు తిరిగే దారి కాబట్టి వట్టి కాళ్ళతో పోనివ్వనని అవ్వ పట్టుబట్టింది. బాపు దంటు విరుచుకుని అంగడికి పోయి, ఉన్నంతలో మంచి తోలు బూట్లే తెచ్చాడు. ఆడపిల్లకు బూట్లేమిటని వాడకట్టులో నవ్వినా ఆయన లెక్కచేయలేదు.

పాపం, ఆయన ప్రేమలో లోపం లేదు. కొలతలోనే వచ్చింది చిక్కంతా. అడుగు వేసినప్పుడల్లా మడిమ పైకి లేచి రాసుకునేది. ముందున్న పత్తి ఉండ చెమటకు తడిసి రాయిలా గట్టిపడేది. రెండు వారాల్లో మడిమలు పుండ్లయ్యాయి, వేళ్ళ కొసలు కమిలి నెత్తురు కారాయి. అయినా ఎవరికీ చెప్పలేదు. పిల్ల అంత దూరం నడవలేకపోతే చదువు చాలిద్దామని అవ్వ బాపుతో అనడం నా చెవులారా విన్నాను. ఆడపిల్లను బడి మాన్పించడానికి పెద్ద కారణం అక్కర్లేని రోజులవి. ఇంటి దగ్గరికి రాగానే కుంటడం ఆపేదాన్ని. పడుకోబోయే ముందు మాత్రం, ప్రభువా, నా కాళ్ళనైనా పెంచు, లేదా ఆ దారినైనా తగ్గించు అని ప్రార్థన చేసుకునేదాన్ని. ఆయన ఆ రెండూ చేయలేదు. మా మేనత్తను పంపాడు.

మేనత్త బాపుకు అక్క. మా సంఘంలో ఆమెను బైబిలమ్మ అనేవారు. చేతిసంచిలో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని ఊరూరూ నడిచి, చదువురాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించేది. ఆదివారాలు మా చర్చిలోనే ఉండేది. మేమందరం చెప్పులు, బూట్లు వాకిట్లో విడిచి లోపలికి పోయేవాళ్ళం. ఆఖరి కీర్తన మొదలవగానే అత్త మెల్లగా లేచి బయటికి వచ్చి, చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ జోళ్ళన్నిటినీ మెట్ల కింద వరుసగా సర్దేది. ముసలివాళ్ళు వంగి వెతుక్కోకూడదని ఆమె తాపత్రయం. నోటితో కీర్తన పాడుతూనే ఉండేది, చేతులు సర్దుతూనే ఉండేవి.

ఆ ఆదివారం నేను బయటికి వచ్చేసరికి వరుసలో నా బూట్లు లేవు. అవి అత్త ఒళ్ళో ఉన్నాయి. ఆమె వేళ్ళ మధ్య నా పత్తి ఉండ ఉంది. దాని మీద ఎండిన నెత్తురు మరక.  అత్త జనమంతా వెళ్ళేదాకా కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొంగుతో నా మడిమలు తుడిచి, మాతోపాటే ఇంటికి వచ్చింది.

"ఏం తమ్మీ, పొల్లకు బూట్లు కొన్నవా, పడవ కొన్నవా?" అంది గడపలో అడుగుపెడుతూనే.

"పెరిగే కాలు గదక్కా," అన్నాడు బాపు. "యాడాదికో జోడు యాడికెళ్లి తేను?"

"కాలు పెరుగుతది, కాదన్న. గా పెరిగేదాక పొల్ల నడువద్దా?"

అవ్వ కల్పించుకుని, "నడువరాకుంటే ఇంట్లనే ఉంటది తియ్యి వదినే," అంది.

అత్త అవ్వ వైపు తిరిగింది. "ఏనాటి బువ్వ ఆనాడే ఇయ్యమని రోజు ప్రార్థన చేస్తున్నం గదా. పై యేటి బువ్వ గిప్పుడే తింటున్నమా? కాలు గూడ గంతే."

బాపు నా మడిమల వైపు చూసి తల దించుకున్నాడు. అవ్వ లోపలికి పోయి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. 

కొత్త జోడుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు కూడా ఆ చర్చి వాకిట్లోనే జవాబు దొరికింది. వారం వారం జోళ్ళు సర్దే అత్తకు ఎవరి కాలు ఎంతో, ఎవరి అడుగు అరిగిందో తెలుసు. మా సంఘంలో పాటలు నడిపించే ఆయన కొడుకు బూట్లు పగిలిపోయి ఉన్నాయి. నా బూట్లు ఆ అబ్బాయికి అచ్చంగా సరిపోయాయి. వాళ్ళు కొత్త బూట్ల కోసం పక్కన పెట్టుకున్న సొమ్ము మా ఇంటికి వచ్చింది. ఆ వారమంతా అత్త నన్ను బడికి పోనివ్వలేదు. పుండ్లు ఆరాక శనివారం మధ్యాహ్నం బోథ్ బయలుదేరదీసింది.

బస్సు వచ్చే వేళే. కానీ ఆమె బస్సెక్కలేదు. తన పాత రబ్బరు చెప్పులు నాకు తొడిగించి, తాను వట్టి కాళ్ళతో నడుస్తూ నన్నూ నడిపించింది. బస్సు మమ్మల్ని దాటి దుమ్ము లేపుకుంటూ పోతే నాకు ఉక్రోషం వచ్చింది. ఛార్జీ మిగుల్చుకుంటోంది అనుకున్నాను. దారిలో ఆమె నాకు గొర్రెలు కాసే పిల్లవాని కథ చెప్పింది. యుద్ధానికి పోతుంటే రాజు తన కవచం తొడిగిస్తే, అది వేసుకుని నడవలేక తీసి పక్కన పెట్టినవాని కథ. చర్చిలో ఎన్నోసార్లు విన్నదే. "రాజుదైతేంది బిడ్డా, మన ఒంటికి పట్టకుంటే అది బరువే," అందామె.

బూట్ల దుకాణం నడిపే ముస్లిం పెద్దాయన నా ముందు నాలుగైదు జోళ్ళు పెట్టాడు. అందులో ఒకటి అద్దంలా మెరుస్తోంది, దానికి వెండి రంగు బకిలు. నా చెయ్యి దాని మీదకే పోయింది. అత్త అదిలించలేదు.

"మంచిగున్నయి బిడ్డా. ఆదివారం ఏం జేస్తం? బయట ఇడిచి లోపలికి పోతం. లోపల దేవునికి నీ కాళ్ళే అవుపడుతయి."

తర్వాత ఒక్కొక్క బూటునూ రెండు చేతులతో వంచి చూసింది. నడిమికి మడతపడినదాన్ని పక్కన పెట్టింది. వేళ్ళ దగ్గర వంగి, అడుగు కుట్టి ఉన్న ఒక మామూలు గోధుమరంగు జోడును మేజోళ్ళతో సహా నాకు తొడిగించింది. నిలబెట్టి, ముందు భాగంలో తన బొటనవేలు అడ్డంగా నొక్కి చూసింది. సరిగ్గా ఆ వేలి వెడల్పంత జాగా ఉంది. అక్కడితో ఆగలేదు. దుకాణం ముందు కంకర మీద నన్ను అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"ఏందమ్మా," అన్నాడు పెద్దాయన నవ్వుతూ, "బూట్లు కొంటున్నవా, ఎడ్లను కొంటున్నవా?"

"ఎద్దైతే కుంటుడు కనవడుతది భాయ్. గీ పొల్ల కుంటుడు దాస్తది. గదే నా పరేషాన్."

ఆయన పకపకా నవ్వి, ధర కొంత తగ్గించి, తోలు మెత్తగా ఉండటానికి నూనె రాయమని చెప్పి పంపాడు. బయటికి వచ్చాక అత్త బస్టాండు వైపు నడిచింది. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, అప్పుడు చెప్పింది. పొద్దున లేచిన కాలు వేరట, నడిచి వచ్చిన కాలు వేరట. నడిచినాక కాలు కొంచెం ఉబ్బుతుంది. బూటు ఆ కాలుకు పట్టాలి. పీట మీద కూర్చున్న కాలుకు కొలత తీస్తే అది కూర్చోవడానికే పనికొస్తుంది. నన్ను నడిపించింది అందుకు. ఛార్జీ పైసలు ఆమె కొంగున భద్రంగా ముడివేసి ఉన్నాయి. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది.

ఆ జోడుతో నేను రెండేళ్ళు బడికి నడిచాను. బిగుతైనప్పుడు అవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. మా చిన్నమ్మ కూతురు వేసుకుంది. బాపు ఆ తర్వాత ఎప్పుడూ దంటు విరవలేదు. మమ్మల్నే వెంటబెట్టుకుని సాయంత్రం పూట అంగడికి పోయేవాడు. నేను పదో తరగతి పాసై, టీచరు శిక్షణ పూర్తి చేసి, జైనూర్ దగ్గర అడవి ఊళ్ళలో పిల్లలకు చదువు చెప్పాను. ఆ ఊళ్ళన్నీ నడిచే తిరిగాను.

దేవుడు మనకు ఇచ్చేవన్నీ కొలిచే ఇస్తాడని నా నమ్మకం. ఈనాటి కాలుకు ఈనాటి జోడు, వేలు పెరిగేంత జాగాతో. రేపటికని దాచినదంతా లోపల పత్తిలా గట్టిపడి మనల్నే గుచ్చుతుంది. ఆ మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు, చర్చి మెట్ల కింద నేర్చుకున్నాను.

అత్త ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. ఇప్పుడు ఆఖరి కీర్తన మొదలవగానే లేచి బయటికి వచ్చేది నేనే. మోకాళ్ళు నొప్పి పెడతాయి గాని, వంగినప్పుడు అత్త పక్కనే వంగినట్టు ఉంటుంది. మొన్న ఆదివారం వరుసలో రంగురంగుల దీపాలు వెలిగే చిన్న బూట్లు కనబడ్డాయి. చేతిలోకి తీసుకుంటే లోపల కాగితం ఉండలు. మెట్ల మీద కూర్చుని, వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్ల బయటికి వచ్చేదాకా కీర్తన పాడుతూనే ఉన్నాను.