పళ్లెం చేసినావిడ

మంగళవారం ఉదయం ఏడున్నరకు పక్కింటి బావగారు ఫోన్ చేసి, "మీ అక్క పోయింది తమ్ముడూ" అన్నారు. "ఎన్నింటికి?" అని అడిగాను. ముప్పై ఏళ్లు వార్తలు రాసినవాడి నోటికి ముందు ఆ ప్రశ్నే వచ్చింది. ఐదున్నరకు, నిద్రలో, గుండె ఆగి. కాగితం మీద రాసుకున్నాను కూడా.

ఆవిడ నాకు చుట్టం కాదు. అమెరికాలోని అల్బుకర్కీలో పదకొండేళ్లుగా మా పక్కిల్లు. గుంటూరు వైపు వారు. ఊళ్లోని ఒక చిన్న మ్యూజియంలో, స్పెయిన్ పాలన నాటి మట్టిపాత్రల పెంకులు అతికించడం ఆవిడ ఉద్యోగం. అవసరమైతే మళ్లీ కరిగించగలిగే జిగురే వాడేవారు. "నేను తప్పు అతికిస్తే రేపొచ్చేవాళ్లు విప్పుకోవాలిగా" అనేవారు. తలా ఒక వంట తెచ్చే చర్చి పాట్‌లక్‌లో వడ్డించుకునే ముందు ప్లేటు తిరగేసి అడుగు చూసేవారు. "ఆంటీ, అది డాలర్ స్టోర్‌ది!" అని మా అమ్మాయి నవ్వేది. "అయితే ఏం, ఎవరో చేసిందేగా" అని, అప్పుడు అన్నం పెట్టుకునేవారు.

ఆ మ్యూజియం గురించి ఈ పత్రికలో నేను రాసింది మీలో కొందరు చదివే ఉంటారు. అందులో వెడల్పు అంచున్న లోతు పళ్లెం ఫొటో కింద 'స్పెయిన్ నుంచి తెచ్చినది' అని రాశాను. పత్రిక అందిన రోజే ఆవిడ దాన్ని పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏమయ్యా, లేబుల్ చూసి కాపీ కొట్టేశావా?"

"మీ మ్యూజియం లేబులే కదక్కా."

"అది తప్పని మూడుసార్లు చెప్పాను. ఇంకొకరు కూడా చెప్పాలంటున్నారు. ఇప్పుడు నువ్వు కూడా తప్పే చెప్పావు."

మర్నాడు నన్ను స్టోర్ రూమ్‌కి తీసుకెళ్లారు. ఉంగరం తీయించి, చేతులు కడిగించారు. గ్లోవ్స్ ఇవ్వలేదు, జారుతుందట. పళ్లెం బోర్లించి నా వేలిని అడుగున నడిపించారు. స్పెయిన్‌లోలా కుమ్మరి చక్రం మీద చేసినదైతే గీతలు గుండ్రంగా, సమానంగా ఉండాలి. ఇక్కడ మిట్టపల్లాలు తగిలాయి. మట్టిని తాళ్లలా చేసి, ఒకదాని మీద ఒకటి చుట్టి, నునుపు చేశారు. మా ఊరి నది వెంట స్పెయిన్ వాళ్లకు ముందు నుంచీ ఉన్న ప్యూబ్లో అనే ఆదివాసీల ఊళ్లలో ఆడవాళ్ల పద్ధతి అది. స్పెయిన్ నుంచి వచ్చిన మిషన్ చర్చి ఫాదర్లు తమ భోజనానికి, తమ దేశపు పళ్లెం ఆకారంలో వాళ్లచేత చేయించుకున్నారు.

"తిన్నాయన దేశం పేరు రాశారు. చేసినామె లెక్కలోకే రాలేదు" అన్నారు. పళ్లెం మళ్లీ వెల్లకిలా తిప్పి, "మా ఊరి చర్చి రాతి మీద దొరగారి పేరుంది. ఆ రాళ్లు మోసింది మా నాయనమ్మ" అన్నారు. గొంతు మారలేదు.

దిద్దుతానన్నాను. కానీ రెండో సాక్ష్యం లేకుండా నేను వేయను. "అడుగు మరి" అని ఒక ప్యూబ్లో కుమ్మరి నంబరు ఇచ్చారు. ఐదు వారాలు చేయలేదు. పనులున్నాయి. ఏ పనులో ఇప్పుడు గుర్తులేదు. ఆదివారం మధ్యాహ్నం చెత్త డబ్బాల దగ్గర కనిపించి, "కాల్ చేశావా?" అన్నారు. "ఈ వారం చేస్తానక్కా." "సరే" అన్నారు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

సమాధి కార్యక్రమం శుక్రవారం అయింది. సోమవారం కాల్ చేశాను. రెండోసారి మోగేసరికే ఆ కుమ్మరామె ఎత్తింది. బుధవారం తన ట్రక్కులో మ్యూజియానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. పళ్లెం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అడుగంతా తడిమింది. "మావాళ్లదే. ఎవరు చేశారో చెప్పలేను. ఎడమచేతి వాటం మనిషి" అంది. తర్వాత గదిలో మా అందరినీ చూసి, "ఇది ముందు కనిపెట్టిన ఆవిడ ఏరి?" అని అడిగింది. నేనే చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి సవరణ: ఆ పళ్లెం స్పెయిన్ నుంచి రాలేదు. ఇక్కడి ప్యూబ్లో స్త్రీ చేసింది. పేరు తెలియదు.

ఆ సాయంత్రమే గాజు పెట్టె తెరిచి పాత లేబుల్ తీసేశారు. కొత్తది ఇంకా ప్రింటవలేదు. కింద పరిచిన నీలం గుడ్డ చుట్టూ వెలిసిపోయింది. లేబుల్ ఉన్నచోట మాత్రం చిన్న నలుచదరం, ముదురు నీలంగా, అలాగే ఉంది.