ఒక్క విజిల్‌కు ఆగిపోయిన మాట

"నువ్వెప్పుడైనా మైకులో మాట్లాడావా అవ్వా?" అని పోయిన ఆదివారం ఫోనులో అడిగావు కదరా చిన్నోడా, నేను జవాబు చెప్పేలోపే మీ అక్క ఫోను లాక్కుంది. మాట్లాడాను. ఒక్కసారి. మూడే మూడు మాటలు. ఆ మూడు మాటలకు నూరుమందికి పైగా ఒక్కసారే కదిలారు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. వాళ్ళు ఎందుకు కదిలారో వింటే మీకే నవ్వొస్తుంది. మీ ఇద్దరికీ తెలుగు అక్షరాలు రావు కాబట్టి మీ అమ్మ ఇది చదివి వినిపించాలి. ఆమె మధ్యలో ఆగి నవ్వితే కాస్త ఓపిక పట్టండి.

నా గొంతు సంగతి మీకు తెలుసు. "ఇంకాస్త గట్టిగా అవ్వా" అని మీరు అనని వారం లేదు. వయసు మీద పడి ఇలా అయింది అనుకుంటున్నారేమో, అప్పుడూ ఇంతే. డెబ్భైల మొదట్లో తమిళనాడు ధర్మపురిలో ఆడపిల్లల హైస్కూల్లో నేను లెక్కల టీచరును. లెక్కలకు గొంతు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. హాయిగా ఉన్నదాన్ని మా పెద్ద టీచరమ్మ గదికి పిలిచి, ఇకనుంచి ఖాకీ బట్టలేసుకుని కవాతు చేసే క్యాడెట్ పిల్లల బాధ్యత నీదే అంది. నేనెందుకమ్మా అంటే, "బస్టాండు నుంచి బడికి అంత వేగంగా నడిచేది నువ్వొక్కదానివే" అంది.

మొదటి రోజు మైదానంలో నిలబడి "అటెన్షన్" అన్నాను. ముందు వరుసకు వినబడింది. వెనక వరుస పిల్లలు జడలు సర్దుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. మాకు కవాతు నేర్పడానికి సైన్యంలో పని చేసి వచ్చిన హవల్దారు ఒకాయన ఉండేవాడు. ఏ. పళ్లిపట్టి అనే ఊరి మనిషి, మన తెలుగే మాట్లాడేవాడు. ఆయన మీసం వెనక నవ్వు దాచుకుని అన్నాడు.

"టీచరమ్మా, మీరు ఆర్డరిస్తా ఉండారా, మంత్రం చెప్తా ఉండారా?"

"ఏం చేసేదన్నా, నా గొంతే ఇంత."

"అట్లయితే గొంతు వద్దు. ఇది పెట్టుకోండి" అని తన విజిల్ తీసి ఇచ్చాడు.

నేను ఒక పద్ధతి పెట్టాను. పొడుగ్గా ఒక విజిల్ వేస్తే ఎక్కడున్నవాళ్ళు అక్కడే అటెన్షన్‌లో బిగుసుకుపోవాలి. నోరు మెదపకూడదు. నేను "స్టాండ్ ఎట్ ఈజ్" అనేదాకా అంతే. పిల్లలకు అది ఆటైపోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచిన వేళ కావాలనే విజిల్ వేసేదాన్ని. బుగ్గలో రాగిముద్దతో, చేతిలో పచ్చిమిరపకాయతో బొమ్మల్లా నిలబడిపోయేవాళ్ళు. పద్ధతి నచ్చి హవల్దారన్న మగపిల్లల బడుల్లో కూడా ఇదే నేర్పేశాడు. నెల తిరిగేసరికి తాలూకా అంతటా క్యాడెట్లు పొడుగు విజిల్ వింటే ఆగిపోయేవాళ్ళు.

ఆ ఏడే క్యాడెట్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. క్యాడెట్లకు మాటల పోటీ, అదే వక్తృత్వ పోటీ, పెట్టాలి, గెలిచిన ఒక్కరిని మద్రాసు పోటీకి పంపాలి. మా బడికి హాలూ వేదికా ఉన్నాయి కాబట్టి మేమే నడపాలి. అంటే నేనే నడపాలి. గొంతు లేని మనిషి చేతికి మాటల పోటీ ఇచ్చారని టీచర్ల గదిలో వారం రోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

పోటీ తమిళంలో. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. రెండున్నర నిమిషాలకు హెచ్చరికగా ఒక గంట, మూడుకు ఆఖరి గంట. వినడానికి సులువే, కానీ మా వైపు వేదిక మర్యాద ఒకటుంది. ఎక్కినవాళ్ళు అధ్యక్షులకు, నిర్ణేతలకు, పెద్దలకు, తల్లులకు, తోడబుట్టినవాళ్ళకు, చివరికి మైకు కట్టినాయనకు కూడా పేరుపేరునా వణక్కం చెప్పాలి. అప్పుడే విషయంలోకి దిగాలి. అభ్యాసంలో ఒక పిల్ల వణక్కాలకే నిమిషమున్నర తీసుకుంది. తగ్గించమంటే, "ఎవర్నైనా వదిలిపెడితే కోపం చేసుకుంటారు కద టీచర్?" అంది. అందరికీ కలిపి ఒకే వణక్కం అని రూలు రాసి గోడకు అంటించాను.

మా బడి నుంచి నేను ఎంచింది పదకొండో తరగతి పిల్లను. వెల్లిచందై నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది. నాన్న లేడు, అమ్మ కూలికి పోయేది. ఆ పిల్ల గొంతు చూడాలి మీరు. చిన్నప్పుడు జొన్న చేలో మంచె ఎక్కి చిలకలను అదిలించిన గొంతు. మైదానం ఈ చివర అరిస్తే ఆ చివర సైకిళ్ళ మీద పోయేవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. నాకూ ఆ పిల్లకూ ఇంట్లో మాట తెలుగే కనుక, ఎవరూ లేనప్పుడు తెలుగులోకి జారిపోయేవాళ్ళం.

"నేను గెల్చాల టీచర్."

"ఏమే, అంత పట్టు?"

"పరీచ్చలు ముగిసినాక అమ్మతో కూలికి పోవాల. అంతలోపల ఒక్కసారి సముద్రం చూడాల. అవతల గట్టు కనపడదంటారే, నిజమా అని చూసొచ్చేస్తాను."

అప్పట్లో హైస్కూలు పదకొండో తరగతితోనే ముగిసేది, అది ఆ పిల్లకు ఆఖరి ఏడు. మద్రాసుకు పోయేది ఒక్కరే. నెల రోజులు ఎండలో నిలబెట్టి చెప్పించాను. "నేను చూసిన ధైర్యం" అని విషయం. ముగింపు మాత్రం నాకు వినిపించలేదు. "అది ఆ రోజు చెప్తాను, మీరూ అప్పుడే వినండి" అనేది.

పోటీ మధ్యాహ్నం మొదలైంది. హాలు నిండా ఖాకీ బట్టలు. వేదిక ముందు ముగ్గురు నిర్ణేతలు. మగపిల్లల బడి తమిళ పండితుడు, ఆసుపత్రి డాక్టరమ్మ, రిటైరైన ఒక తహసీల్దారు. పక్క బల్ల దగ్గర నేనూ హవల్దారన్నా. ఆయన చేతిలో సెకన్ల గడియారం, నా చేతిలో పెద్ద టీచరమ్మ బల్ల మీది ఇత్తడి గంట. ఆరుగురు మాట్లాడారు. పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చిన కుర్రాడొకడు గుక్క తిప్పుకోకుండా దంచేశాడు. చప్పట్లు ఆగలేదు.

ఏడోది మా పిల్ల. ఒకే వణక్కం చెప్పి నేరుగా విషయంలోకి దిగింది. ఎనిమిదేళ్ళప్పుడు మంచె మీద ఒంటరిగా ఉంది. ఉరుములతో వాన. గాలికి నిచ్చెన ఎగిరి దూరంగా పడింది. మంచె కొయ్యలు ఊగుతున్నాయి. పక్క చేలో కలుపు తీస్తున్న వాళ్ళమ్మ బురదలో పరుగెత్తుకొచ్చి కింద నిలబడి చేతులు చాచింది. దూకమంది. ఈ పిల్ల దూకనని ఏడ్చింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అప్పుడు మా అమ్మ పైకి చూసి ఒకే ఒక మాట చెప్పింది. ఆ మాట విని నేను కళ్ళు మూసుకుని దూకేశాను. ఆ మాట ఏమిటంటే..."

హవల్దారన్న నా మోచేయి తట్టాడు. రెండున్నర నిమిషాలు. గంట ఊపాను. చప్పుడు లేదు. మళ్ళీ ఊపాను. చూస్తే గంట నాలుక ఊడి బల్ల మీద పడి ఉంది. అందరికీ హెచ్చరిక ఇచ్చి నా బడి పిల్లకు మాత్రం ఇవ్వకపోతే పక్షపాతం అంటారే అని కంగారు. మెడలో విజిల్ ఉంది. ఆలోచించలేదు. వేసేశాను. పొడుగ్గా.

ఠక్కుమని హాలంతా లేచి నిలబడింది. నూరు జతల బూట్లు ఒక్కసారి నేలకు తగిలాయి. వేదిక మీద మా పిల్ల, నోరు మూసుకుని, చేతులు తొడలకు అంటించి, చూపు ఎదుటి గోడ మీద పెట్టి బిగుసుకుపోయింది. అంతమంది లేవడం చూసి జాతీయగీతం అనుకుని తహసీల్దారుగారు లేచారు. ఆయనను చూసి డాక్టరమ్మ, పండితుడు, పెద్ద టీచరమ్మ. పాట ఎప్పుడు మొదలవుతుందా అని అందరూ ఎదురుచూస్తున్నారు.

నేను "స్టాండ్ ఎట్ ఈజ్" అన్నాను. ఎవరూ కదల్లేదు.

పక్కన హవల్దారన్న కూడా కొయ్యలా నిలబడి ఉన్నాడు. గడియారం ఉన్న చేయి తొడకు అతుక్కుపోయింది. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది. పెదవి కొస నుంచి గొణిగాడు.

"టీచరమ్మా, ఆర్డరియ్యండి."

"ఇచ్చినాను కదన్నా!"

"పక్కనుండే నాకే వినబళ్ళేదు."

"గడియారమన్నా ఆపన్నా!"

"ఆర్డరు లేకుండా చెయ్యెట్ల కదిలిస్తాను?"

అంతలో కిటికీ దగ్గర నుంచి ఒక గొంతు, అంత తమిళ సభలో అచ్చంగా మన తెలుగులో. "అయ్యయ్యో, నా బిడ్డకేమైపాయె! ఎవురో ఊదినారు, అది అట్లే కొయ్యయి పోయింది! ఒసే, కదలవే!" వాళ్ళమ్మ. కూతురి మాట వినడానికి పని మాని బస్సెక్కి వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి కిటికీ పట్టుకుని నిలబడింది. కూతురు మాత్రం రెప్ప కూడా వేయలేదు.

ఇక వేరే దారి లేదు. మెట్లెక్కి, ఆ పిల్ల పక్కన నిలబడి, మైకు ముందుకు వంగి అన్నాను. "స్టాండ్ ఎట్ ఈజ్." నా గొంతు గోడలకు తగిలి నా మీదికే తిరిగి వచ్చింది. ఎవరో నా వెనక నిలబడి మాట్లాడారేమో అని ఉలిక్కిపడ్డాను. నూరు ఎడమ కాళ్ళు దభీమని కదిలాయి. అదీ చిన్నోడా, మైకులో నేను చేసిన ప్రసంగం.

గడియారం చూస్తే నాలుగు నిమిషాలు దాటింది. ఆ పిల్ల సమయం అయిపోయింది. నిర్ణేతల దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. తహసీల్దారుగారు చెవికి చేయి అడ్డం పెట్టుకుని "ఏమంటోంది ఈమె?" అన్నారు. అప్పుడు, మీరు నమ్మరు, మైకు లేకుండానే గట్టిగా అన్నాను. "తప్పు నాది! పిల్లది కాదు! దాని అర నిమిషం దానికి ఇవ్వాలి!" పెద్ద టీచరమ్మ నోరు తెరిచి చూసింది.

ముగ్గురూ తలలు దగ్గర చేర్చి మాట్లాడుకున్నారు. పండితుడు వేదిక వైపు తిరిగి, "అమ్మాయీ, అర నిమిషం ఇస్తున్నాం. ముగించు" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. సముద్రం చేతికందే దూరంలో ఉంది. చెప్పు, చెప్పు అని నేను తల ఊపుతున్నాను.

"వద్దయ్యా. విజిల్ వేసినాక మాట్లాడితే తప్పు. మిగతా వాళ్ళకు రెండోసారి ఇవ్వలేదు కదా" అని చెప్పి, సెల్యూట్ కొట్టి, గిర్రున తిరిగి దిగిపోయింది.

దీనికి ఈ పద్ధతి నేర్పింది ఎవరు? నేనే.

మిగతా ఐదుగురూ మాట్లాడారు. వాళ్ళు ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. ఆఖరున పండితుడు లేచాడు. "ముగింపుకు పది మార్కులు. ఈ అమ్మాయికి ముగింపు లేదు కాబట్టి ఆ పదిలో సున్నా ఇచ్చాం" అన్నాడు. నేను తల దించుకున్నాను. "అయినా మిగతా మార్కులు కలిపితే అందరికంటే రెండు ఎక్కువే వచ్చాయి. ఆ కిటికీ దగ్గరున్న తల్లి ఏమందో తెలియక ఇప్పుడు మేము ముగ్గురమూ ఇంటికి పోయి నిద్రపోలేం. అది వేరే సంగతి."

హాలు గోల గోల. పాపిరెడ్డిపట్టి కుర్రాడే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కిటికీ దగ్గరికి పరుగెత్తి నేను వాళ్ళమ్మకు తెలుగులో చెప్పాను, నీ బిడ్డ గెలిచిందమ్మా అని.

"గెల్చిందా? అయితే ఇప్పుడన్నా వచ్చి అన్నం తింటాదా?" అందామె.

ఆ సాయంత్రమే పిల్లను అడిగాను. "ఏమే, ఇంతకీ మీ అమ్మ ఏమనింది?"

"సముద్రం చూసినాక చెప్తాను టీచర్."

మొరప్పూరులో రైలెక్కి మద్రాసు పోయాం. అక్కడ చీటీ తీసి విషయం ఇచ్చారు, పరిశుభ్రత. చక్కగానే మాట్లాడింది, బహుమతి రాలేదు. అదేం పట్టించుకోలేదు. సముద్రం ముందు నిలబడి చాలాసేపు అవతల గట్టు కోసం వెతికింది. మొదటి అల వచ్చినప్పుడు కేకపెట్టి నా వెనక దాక్కుంది. రెండో అలకు అటెన్షన్‌లో నిలబడింది. నేను విజిల్ వేయలేదు సుమా.

"చూసినావు కదా, ఇప్పుడు చెప్పు."

"ఇంత నీళ్ళు చూసినాక మాటే రాలేదు టీచర్. ఊరికి పోయినాక చెప్తాను."

ఊరికి వచ్చాక పరీక్షలు. పరీక్షలయ్యాక అన్నట్టే కూలికి పోయింది. రెండేళ్ళకు నర్సు చదువుకు పోయిందని విని ఎంత సంతోషించానో. అప్పటికి మీ తాతకు బదిలీ అయి మేమూ ఆ ఊరు విడిచాం, ఆ పిల్ల మళ్ళీ నాకు కనబడలేదు. అంతకు ముందు ఒకసారి సంతలో వాళ్ళమ్మ కనబడితే వదలకుండా అడిగాను.

"నేనా? ఆ వానలో ఏమంటినో ఎవరికి గ్యాపకం టీచరమ్మా!" అని నవ్వింది. "దూకకపోతే కాలిరగ్గొడ్తానని ఉంటాను. దాన్నే అడగండి."

కాలు విరగ్గొడతానంటే ఏ పిల్లా కళ్ళు మూసుకుని దూకదు. అది నాకు తెలుసు. అర నిమిషం ఆగి ఉంటే నాకూ, ఆ హాలులో అందరికీ తెలిసిపోయేది. ఇప్పటికీ మిద్దె మీద వాన చప్పుడు గట్టిగా వినబడితే నాకు అదే అడగాలనిపిస్తుంది. అంత ఉరుముల్లో, అంత ఎత్తు నుంచి, ఏడుస్తున్న పిల్లను దూకించిన ఆ ఒక్క మాట ఏమై ఉంటుంది?